మైకేల్ ప్యూపిన్

నేటి సెర్బియా దేశమున బనాత్ అను సీమ కలదు. 19వ శతాబ్దమున అది ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచ్చటి ఇద్వోర్ గ్రామమున, 1850-60 సంవత్సరముల నడుమ, ఒక సెర్బు రైతుకుటుంబములో మైకేల్ ప్యూపిన్ జన్మించెను. తల్లి ఒలింపియాదకు అక్షరజ్ఞానము లేదు. కాని ఆమె పట్టుదలయే కుమారుని బడికి పంపినది. ఇంట సెర్బు భాష, పాంచెవో పట్టణపు పాఠశాలలో జర్మను భాష. ఇట్టి చదువు మన పిల్లలకు క్రొత్త గాదు.

వేసవి రాత్రులందు ఎడ్లను కాయు బాలురు కత్తిని నేలలో గ్రుచ్చి, పిడిపై కొట్టి, దూరముననున్న తోడివారికి సంకేతము లిచ్చెడివారు. నేలకు చెవి యానించినవారికి ఆ చప్పుడు వినబడెడిది. గట్టినేలలో ధ్వని చక్కగా సాగుటయు, దున్నిన నేలలో అణగిపోవుటయు ప్యూపిన్ నాడే గమనించెను.

1874లో అతడు ఒంటరిగా న్యూయార్కు చేరెను. చేతనున్నది 5 సెంట్లు. దానితో కొనిన పండ్ల రొట్టెలో గింజలే మెండుగా నుండెనట! పొలములలో కూలిచేసి, బిస్కత్తుల కర్మాగారములో పనిచేసి, 1883లో కొలంబియా కళాశాల పట్టభద్రుడయ్యెను. పిమ్మట కేంబ్రిడ్జిలో చదివి, 1889లో బెర్లినులో డాక్టరు పట్టము పొంది, కొలంబియాలోనే అధ్యాపకుడుగా చేరెను.

1895 చివర జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో న్యూయార్కు న్యాయవాది యొకడు, చేతినిండ తుపాకి రవ్వలు దిగబడి బాధపడుచు, ప్యూపిన్ కడకు వచ్చెను. రవ్వల చోటు తెలియనిదే వైద్యుడు కత్తి పెట్టుట యెట్లు? ఆనాటి పద్ధతిలో ఛాయాచిత్రమునకు గంటసేపు చేతిని కదల్పక యుంచవలెను. రోగి కంత యోపిక లేదు. తొలి యత్నములు విఫలమయ్యెను.

అప్పటికి ఎడిసన్ పంపిన మెరుపు తెర యొకటి ప్యూపిన్ వద్ద నుండెను. కిరణములు సోకినచో వెలుగునట్టి పదార్థమును పూసిన తెర యది. కిరణములలో అధికభాగము ఫోటో పలకను దూసికొని వ్యర్థముగా పోవును. పలక స్పందించునది ముఖ్యముగ వెలుతురునకు. కావున అతడు పలకపై తెరనుంచి, తెరపై రోగి చేతినుంచెను. కొన్ని సెకండ్లలో రవ్వలన్నియు స్పష్టముగా కనబడెను. ఐరోపాలో మరికొందరును ఆ దినములలోనే ఈ యుపాయమును కనుగొనిరి.

అయితే ఇందొక లోపము కలదు. తెరలోని వెలుతురు నలుదిక్కులకు వ్యాపించుటచే బొమ్మ అంచులు కొంచెము మసకబారును. తెర మందమైనకొలది కిరణములు తక్కువ చాలును, మసక హెచ్చును. సీసపు రవ్వలకు ఈ మసక యొక లెక్క గాదు. కాని గుండెపై ప్రాకు సన్నని నాళములను చూడవలెనన్న నదియే పెద్ద చిక్కు. గుండె క్షణమైన నిలువదు; సెకండుపాటు తీసిన చిత్రము అలుకుకొనిపోవును. కిరణములను మరీ తగ్గించిన చిత్రము ఇసుక చల్లినట్లగును. హెచ్చించిన రోగి చర్మము కమలవచ్చును, చెంతనున్న వైద్యునకును హాని. ఈ హాని తొలినాళ్ల వారికి తెలియదు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి, కోసివేయబడి, 1904లో మరణించెను. రోగి యోపికకై ప్యూపిన్ తగ్గించిన కాలము, తెలియకయే, రక్షణ మార్గమునకు బాట వేసినది.

నేటి హృదయ చికిత్సాలయములలో కిరణములను ఎడతెగక గాక తునుకలుగా పంపుదురు. కావలసిన మేరకే వాని దారిని కుదింతురు. పనికి చాలినంత స్పష్టతతో తృప్తిపడుదురు. తెరకు బదులు సూదులవంటి సీసియం అయొడైడు స్ఫటికములను వాడుదురు. వెలుతురు ఆ సూదులవెంటనే సాగుటచే మసక తగ్గును.

1896లోనే ప్యూపిన్ భార్య మరణించెను. తానును న్యుమోనియాతో మంచము పట్టెను. ఆపై ఎక్స్‌కిరణముల జోలికి పోలేదు. దూరము పోయినకొలది తంతిలో మాట అణగిపోవుట నతడు చింతించి, తగు దూరములలో తీగచుట్టలనుంచి దానిని నివారించెను. దున్నిన నేల నెరిగినవానికి తగిన పనియే! ఆ హక్కులచే ధనవంతుడై, తల్లి పేర విద్యార్థుల కొక నిధి నేర్పరచెను. 1919లో పారిస్ సంధిసభలో స్వజనుల సరిహద్దులకై పాటుపడెను. ఆంగ్లమున వ్రాసిన స్వీయచరిత్రకు 1924లో పులిట్జర్ బహుమానము లభించెను. 1935 మార్చి 12వ తేదీన న్యూయార్కులో దివంగతుడయ్యెను.