సింహాసనమెక్కని రాజకుమారుడు.. చెరువుతో చిరంజీవి

అనంతరాజసాగర నిర్మాత భాస్కర భవదూరుడు
650 ఏళ్లు దాటినా నీరందిస్తున్న పోరుమామిళ్ల చెరువు

పోరుమామిళ్ల: విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారులనగానే చరిత్రలో ప్రధానంగా ఇద్దరి పేర్లు వినవస్తాయి. మధుర వరకు దండెత్తి విజయం సాధించిన కంపరాయలు ఒకరు. తండ్రి అనంతరం 1377లో సింహాసనమధిష్ఠించిన రెండవ హరిహరరాయలు మరొకరు. కంపరాయల విజయగాథను ఆయన దేవేరి గంగాదేవి మధురావిజయ కావ్యంగా రచించారు. హరిహరరాయలకు సామ్రాజ్యమే దక్కింది. వారి సోదరుడైన భాస్కర భవదూరునికి మాత్రం కిరీటం లభించలేదు. ఆయన కీర్తిని మోస్తున్నది కడప జిల్లా పోరుమామిళ్ల సమీపంలోని ఒక చెరువు, దానిని గురించి చెక్కించిన ఒక శిలాశాసనం. ఆ చెరువే అనంతరాజసాగరం.

ఉదయగిరి పాలకుడిగా..

సంగమ వంశీయులు 1336లో విజయనగర రాజ్యాన్ని స్థాపించిన తరువాత తూర్పు ప్రాంతాలను ఉదయగిరి కేంద్రంగా పాలించారు. నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం అప్పట్లో రాజ్యానికి తూర్పు కోట. మొదట హరిహరరాయల తమ్ముడు కంపన, ఆ తరువాత ఆయన కుమారుడు సంగముడు అక్కడ అధికారం నెరపారు. సంగముడి బిట్రగుంట శాసనం 1356 నాటిది. అదే ఏడాది హరిహరరాయలు మరణించగా బుక్కరాయలు రాజ్యభారం వహించారు. అనంతరం ఉదయగిరి పాలన బుక్కరాయల కుమారుడైన భాస్కరునికి అప్పగింపబడింది. భవదూరుడన్నది ఆయన రెండో పేరు. బహద్దూర్ అన్న మాటకు అది సంస్కృత రూపమని చరిత్రకారుల అభిప్రాయం.

అవి యుద్ధాల రోజులు. కృష్ణా తుంగభద్రల నడుమ భూమి కోసం బుక్కరాయలకు, బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షాకు 1360వ దశకంలో ఘోర సమరాలు జరిగాయి. దక్షిణాన కంపరాయల దండయాత్రలు సాగుతున్నాయి. సైన్యాలకు ధనం, ధాన్యం అవసరమైన ఆ కాలంలోనే భాస్కరుడు రెండేళ్లపాటు ధనధాన్యాలను చెరువు పనికి వెచ్చించడం గమనార్హం.

జలదాన సంకల్పం

తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కావ్యం, పుత్రుడు అనేవి సప్తసంతానాలని మన పూర్వుల విశ్వాసం. వీటిలో చెరువు ఒక్కటే ఊరంతటికీ అన్నం పెడుతుంది. జలదాన మహిమను పెద్దల వల్ల విన్న భాస్కరుడు ఈ చెరువు నిర్మాణానికి పూనుకొన్నట్లు శాసనం తెలుపుతోంది. వర్షాధారమైన ఈ మెట్టప్రాంతంలో వాన కురిసినపుడు నీటిని నిలుపుకోకుంటే అది వంకల గుండా సగిలేటిలో కలిసి, పెన్నలోకి వెళ్లిపోతుంది. ఆ నీటిని ఆపి, మడికి మళ్లించడమే ఆయన తలపెట్టిన కార్యం.

పోరుమామిళ్లకు తూర్పున ఉత్తర దక్షిణాలుగా కొండల వరుస ఉంది. మాల్దేవి నది నీరు అక్కడికి చేరుతుంది. పడమటి వైపు నాలుగు గుట్టలు విడివిడిగా నిలిచి ఉన్నాయి. ఆ గుట్టల నడుమ ఖాళీలను మూడు మట్టికట్టలతో మూసివేస్తే చెరువు ఏర్పడుతుంది. ప్రకృతి కట్టిన గోడను గుర్తించి, అది విడిచిన సందులను మాత్రమే పూడ్చడం నాటి నిర్మాతల ప్రజ్ఞకు తార్కాణం. గుట్టలతో కలిపి కట్ట పొడవు సుమారు 14,000 అడుగులు కాగా, మనుషులు కట్టినది దాదాపు 4,500 అడుగులు మాత్రమే.

రెండేళ్లు.. రోజుకు వెయ్యి మంది

రోజుకు వెయ్యి మంది కూలీలు కట్ట మీద, తూముల వద్ద పనిచేశారని, రాళ్లు తోలడానికి వంద బండ్లు తిరిగాయని, పని పూర్తికి రెండేళ్లు పట్టిందని శాసనం చెబుతోంది. ధనధాన్యాల ఖర్చుకు లెక్కలేదని కూడా అందులో ఉంది. కట్ట పొడవు 5,000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7 రేఖాదండాలుగా పేర్కొన్నారు. శాలివాహన శకం 1291, సౌమ్యనామ సంవత్సర కార్తీకంలో, అనగా క్రీ.శ. 1369లో చెరువు ప్రతిష్ఠ జరిగింది.

ఆధునిక కాలపు కొలతల ప్రకారం కట్ట లోతైన చోట 33 అడుగుల ఎత్తు, అడుగున 150 అడుగుల వెడల్పు, పైన 12 అడుగుల వెడల్పు కలిగి ఉంది. నీటి ఒత్తిడి అడుగున అధికం గనుక అడుగు విశాలంగా ఉండడం అవసరం. అలల తాకిడికి మట్టి కరిగిపోకుండా లోపలి వైపు కడప బండలు పరిచారు. పొలాలకు నీరు వదలడానికి తూములు, వరద నీరు కట్టపైకి పొర్లకుండా బయటికి పోవడానికి అలుగులు ఏర్పరిచారు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే అలుగు లేని చెరువును ఊహించలేము.

పన్నెండు అంగాలు.. ఆరు దోషాలు

చెరువులు తవ్వించిన రాజులు ఎందరో ఉన్నారు. మంచి చెరువు ఎలా ఉండాలో రాతిపై రాయించి భావితరాలకు అందించడం భాస్కరుని ప్రత్యేకత. ఈ శాసనం చెరువుకు పన్నెండు సాధనాలను పేర్కొంటున్నది. ధర్మబుద్ధి, సంపద గల ప్రభువు. జలశాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి మట్టి గల నేల. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యని నీటి నది. ఆ నదిని తాకే కొండ. కొండ భాగాల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతి కట్ట. పంటనేలకు ఎడంగా ఉండే కట్ట కొసలు. విశాలమై లోతైన గర్భం. నిడుపైన రాళ్లు దొరికే గని. చుట్టూ సమతలమైన సారవంతపు పొలాలు. వడిగా నీరు పారే కాలువ. నిర్మాణంలో ఆరితేరిన పనివారు. ప్రభువుతో మొదలైన ఈ జాబితా పనివారితో ముగియడం విశేషం.

దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపు వలె మెట్ట లేవడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటిలో మూడవది నేటి పాఠకులను ఆలోచింపజేస్తుంది. నీటికి సరిహద్దు తగాదా ముడిపడితే కట్ట ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదని ఆనాడే గ్రహించారు. అయిదవది కూడా అంతే ముఖ్యమైనది. చెరువు తూగగలిగినంత ఆయకట్టే పెట్టాలి తప్ప, ఆశ కొద్దీ పెంచితే చివరి మడికి నీరందదు.

వెలుగులోకి శాసనం

భాస్కరుని తరువాత ఉదయగిరిని ఆయన సోదరుడు హరిహరరాయల కుమారుడు దేవరాయలు పాలించారు. సంగమ వంశం అంతరించింది. సాళువ, తుళువ, అరవీటి వంశాలు వచ్చి వెళ్లాయి. పోరుమామిళ్ల భైరవాలయం ఎదుట నిలిచిన సంస్కృత శాసనం 20వ శతాబ్ది తొలినాళ్లలో పురాలేఖన శాఖ దృష్టికి వచ్చింది. తదుపరి కాలంలో మహాభారత పరిష్కర్తగా ఖ్యాతి పొందిన వి.ఎస్.సుక్థంకర్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ప్రకటించారు. అప్పటి నుంచి ప్రాచీన భారత నీటిపారుదల గురించి రాసే వారందరికీ ఇది ప్రధాన ఆధారమైంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం పోరుమామిళ్ల చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కంభం చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా ఈ గౌరవం లభించింది.

కట్టినవాడు ఒకడు.. కాపాడేవారు వేలు

మట్టికట్ట తనంతట తాను ఆరున్నర శతాబ్దాలు నిలవదు. ఏటా వానకు కోసుకుపోయిన చోట మట్టి వేయాలి. కట్టపై చెట్ల వేళ్లు లోనికి దిగి నీటికి దారి చేయకుండా చూడాలి. తూములు, అలుగులు సరిచేయాలి. పూడిక తీయాలి. రాయలసీమలో ఇందుకోసం పూర్వం దశబంధ ఇనాముల పద్ధతి ఉండేది. చెరువు కట్టించిన వారికి, మరమ్మతులు చూసే వారికి ఆయకట్టులో కొంత భూమిని పన్ను లేకుండానో, తక్కువ పన్నుకో ఇచ్చేవారు. బాగోగులు చూసినంత కాలమే ఆ హక్కు. 1997లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పేరు మారినా బాధ్యత మారలేదు.

భాస్కరుడు చెప్పిన ఆరు దోషాల్లో కొన్ని నేల స్వభావం వల్ల వచ్చేవి. వాటిని స్థలం ఎన్నుకొనేటప్పుడే తప్పించాలి. కట్ట కారడం, నీటికి మించి సాగు చేయడం మాత్రం మనుషుల అశ్రద్ధ వల్ల, అత్యాశ వల్ల తరువాత వచ్చి చేరేవి. చెరువుకు వచ్చే వంకలు మూసుకుపోయినా, గర్భం ఆక్రమణలతో కుదించుకుపోయినా మంచి చెరువు సైతం కొత్తగా దోషాలను తెచ్చుకుంటుంది. సింహాసనం దక్కని రాజకుమారుడు రాతిపై వదిలి వెళ్లిన హెచ్చరిక ఇదే. దానిని చదువుకొని ఊరి చెరువును ఒకసారి చూసి రావడమే ఆయనకు అసలైన నివాళి.