తెగిన చోటే ముడి వేసుకున్న నాగరత్నమ్మ

మగ్గం మీద పోగు తెగితే మనం కూర్చుని ఏడవం. ముడి వేసుకుని మళ్లీ నేస్తాం. బతుకే తెగితే మాత్రం అంత సులువు కాదు. అందుకే ఈ వార్షికోత్సవ వేళ బెంగళూరు నాగరత్నమ్మగారిని తలచుకుంటున్నాం.

ఆమె 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో, దేవదాసి కుటుంబంలో పుట్టారు. తండ్రి అండ లేదు. తల్లి పుట్టలక్ష్మి నానా కష్టాలు పడి కూతురికి సంగీతం, సంస్కృతం చెప్పించింది. నాగరత్నమ్మకు పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ తల్లీ పోయింది. మిగిలింది నేర్చిన విద్య ఒక్కటే. దాన్నే పట్టుకుని పైకొచ్చారు, మద్రాసులో పేరూ ఆస్తీ సంపాదించారు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడిందని 1921లో గురువు బిడారం కృష్ణప్పగారి నుంచి ఉత్తరం వచ్చింది. కూడబెట్టిన సొమ్మంతా పెట్టి అక్కడ గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. అయినా ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. తాను కట్టించిన గుడిలోనే తన పాటకు చోటు లేదు! ఆమె అలిగి వెళ్లిపోలేదు. తోటి గాయనులను కూడగట్టి, గుడి వెనకవైపు కూర్చుని పాడారు. చివరికి 1940 నాటికి వర్గాలన్నీ ఒక్కటయ్యాయి, ఆడవాళ్లకూ పాడే చోటు దక్కింది. 1952లో ఆమె కన్నుమూశారు. ఆమె సమాధి స్వామివారికి ఎదురుగానే ఉంది.

కన్నడ నేలలో పుట్టి, తమిళ నేలలో తెలుగు కీర్తనకు కాపు కాశారామె. అప్పులో, ఆప్తుల మరణమో మన ఇళ్లనూ కుంగదీస్తూనే ఉంటాయి. దుఃఖం తీరేదాకా ఆమె ఆగలేదు, చేతిలో ఉన్న విద్యను వదల్లేదు. మన చేతుల్లోనూ ఒక విద్య ఉంది.