వేలంపాటకి వెళ్ళని బొమ్మలు

మన గోదావరి జిల్లాల వాళ్ళకి వేలంపాట కొత్తేమీ కాదు. చేపల చెరువు పాట, రేవు పాట, గుడి మాన్యం పాట చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. సర్కారు వారి పాట అనగానే మొదలై, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసరికి అయిపోతుంది. బొమ్మలకి కూడా సరిగ్గా ఇలాగే పాట జరుగుతుంది. కాకపోతే అక్కడ అంకెలు వేరు. 1937లో అమృతా షేర్‌గిల్ వేసిన ‘ది స్టోరీ టెల్లర్’ని 2023 సెప్టెంబరులో ఢిల్లీలో 61.8 కోట్లకి పాడుకున్నారు. 2025 మార్చిలో న్యూయార్క్‌లో ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మ ఒకటి 118 కోట్లు దాటింది.

ఆ వార్త చదివిన రోజు మా హాస్టల్ రూంలో ఒక ప్రశ్న పుట్టింది. మన రాజమండ్రి దామెర్ల రామారావు బొమ్మ పాటకి వస్తే ఎంత పలుకుతుంది? ఒకడు కోటి అన్నాడు, ఇంకొకడు పది అన్నాడు, మూడోవాడు అసలు దామెర్ల ఎవర్రా అన్నాడు. ఈ వ్యాసం ఆ మూడోవాడి కోసం.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ చేతిలో పెన్సిల్ ఉండాల్సిందే, చదువు మీద మాత్రం పెద్దగా ధ్యాస లేదు. మామూలుగా అయితే ఇలాంటి పిల్లాడికి ఇంట్లో చీవాట్లు, బళ్ళో బెత్తం దెబ్బలే మిగులుతాయి. రామారావు అదృష్టం ఏంటంటే, అప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్. ఆయన ఇంగ్లీషువాడు, కవి, స్వయంగా బొమ్మలు వేసేవాడు. మార్కుల కన్నా కుర్రాడి చేతిలో ఏముందో చూసే రకం. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు లాంటి వాళ్ళు కూడా ఆయన చుట్టూ తిరిగి ఎదిగినవాళ్ళే. తన శిష్యుల్ని గోదావరి గట్ల మీదకీ, పల్లెల్లోకీ తీసుకెళ్ళి, కళ్ళముందున్నది చూసి గీయడం అలవాటు చేశాడు.

కూల్డ్రే ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అక్కడ చెప్పేది పాశ్చాత్య పద్ధతి. శరీర నిర్మాణం, వెలుగునీడలు, దూరం దగ్గరల లెక్క, ఆయిల్ రంగులు, అన్నీ కొలత ప్రకారం. మనకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎలాగో వాళ్ళకి అది అలాగ. 1920లో చదువు పూర్తయింది.

ఇక్కడే అసలు సంగతి. ఆ రోజుల్లో భారతీయ చిత్రకళ అంటే బెంగాల్ పేరే వినిపించేది. అవనీంద్రనాథ్ టాగూర్ శిష్యులు మసక మసక లేత రంగుల్లో పురాణ కథలు వేసేవాళ్ళు. ఆ గాలి బందరు ఆంధ్ర జాతీయ కళాశాల దాకా వచ్చింది. ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడే పాఠాలు చెప్పాడు. ఇంకోవైపు బొంబాయిలో అచ్చం యూరప్ వాళ్ళలా వేసే పద్ధతి. రామారావు రెండింటినీ చూశాడు, ఏ ఒక్కదానికీ పూర్తిగా లొంగలేదు. బొంబాయి నేర్పిన డ్రాయింగ్‌ని గట్టిగా పట్టుకుని, మన ఆడవాళ్ళ కట్టూబొట్టూ, నడక, మన గోదావరి, మన కొండలు అందులో పెట్టాడు. రేఖ తేటగా ఉంటుంది, రంగు పలచగా ఉన్నా నీరసంగా ఉండదు.

గుర్తింపు కూడా త్వరగానే వచ్చింది. 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’కి వైస్రాయి బహుమతి వచ్చింది. తూర్పు కనుమల మధ్య గోదావరిని చూపించే బొమ్మ అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ దగ్గరికి చేరింది. 1924లో లండన్ వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్ దాకా ఆయన పేరు వెళ్ళింది.

ఇంత పేరొచ్చినవాడు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడొచ్చు. డబ్బున్నవాళ్ళూ, కొనేవాళ్ళూ ఉన్నది అక్కడే. రామారావు మాత్రం రాజమండ్రిలోనే ఉండి చిత్రకళాశాల పెట్టాడు. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆయనకి కుడిభుజం. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. 1920ల నాటి తెలుగు ఇంట్లో ఆడవాళ్ళు చిత్రకారులు కావడం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

1925 ఫిబ్రవరి 6న మశూచికంతో రామారావు చనిపోయాడు. ఇంకో నెల ఉంటే 28 నిండేవి. బొంబాయి నుంచి వచ్చాక ఆయనకి దొరికింది మొత్తం కలిపి అయిదేళ్ళే. మనం బీటెక్ చేసి, ఒక ఉద్యోగంలో కుదురుకునేంత టైం.

చిత్రకారుడు పోయాక అసలు పరీక్ష ఇంట్లోవాళ్ళకి. ఒక్కో బొమ్మా ఒక్కో చేతికి వెళ్ళిపోతే, పదేళ్ళలో ఎవరి దగ్గర ఏముందో కూడా తెలీదు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వెంకటరత్నం ఆ బొమ్మల్ని చెదరనివ్వలేదు. స్నేహితుడి పేరు మీద గ్యాలరీని, బడిని నిలబెట్టడానికి వెంకటరత్నం తన జీవితమంతా పెట్టేశాడు. తర్వాత అది ప్రభుత్వం చేతికి వెళ్ళింది. ఈరోజు రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉందంటే కారణం వాళ్ళే.

ఇప్పుడు మా హాస్టల్ ప్రశ్నకి వద్దాం. పాటలో ధర ఎలా తేలుతుంది? ముందు వేలం సంస్థ ఒక అంచనా వేస్తుంది. అంతకు తగ్గితే అమ్మం అని అమ్మేవాడు లోపల్లోపల ఒక కనీస ధర పెట్టుకుంటాడు. ఈ బొమ్మ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చరిత్ర చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, అదే చిత్రకారుడి బొమ్మ ఇంతకుముందు ఎంతకి పోయిందో చూస్తారు. బజారుకి రాని బొమ్మకి బజారు ధర ఉండదు. దామెర్ల పని చాలావరకు ఒకేచోట ఉండిపోయింది కాబట్టి, పాడుకునే వాళ్ళ నోట్లో ఆయన పేరు నానలేదు. షేర్‌గిల్ కూడా 28 ఏళ్ళకే పోయింది. ఆమె బొమ్మలూ చాలావరకు ఢిల్లీ నేషనల్ గ్యాలరీలోనే ఉన్నాయి. కానీ అది ఢిల్లీ, మనది రాజమండ్రి. పేరు దేశమంతా పాకడానికి ఆ తేడా చాలు.

ఇంకో విషయం ఉంది. 1972 చట్టం ప్రకారం మన దేశంలో 100 ఏళ్ళు నిండిన పెయింటింగ్ పురావస్తువు కిందకి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. 2025 ఫిబ్రవరితో రామారావు వేసిన ప్రతి బొమ్మా ఆ గీత దాటేసింది. చట్టం దృష్టిలో అవి ఇప్పుడు పాత విగ్రహాల సరసన చేరాయి.

కానీ చట్టం దొంగని ఆపుతుంది గానీ చెమ్మని ఆపలేదు. నీటిరంగుల బొమ్మ అంటే కాగితమే కదా. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, గోదావరి గాలిలో తేమకి బూజు పడుతుంది. ఉష్ణోగ్రత, తేమ ఎంతుందో చూసి చెప్పే సెన్సార్ మన మినీ ప్రాజెక్టుల్లో ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. వైవా అయ్యాక అది అట్టపెట్టెలో పడుంటుంది. అలాంటిది ఒక బొమ్మల గదికి ఎంత పనికొస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

పాటలో పెట్టి ఉంటే ఆ బొమ్మలు ఏ పెద్దింటి గోడ మీదో ఉండేవి, మనకి పేపర్లో ధర మాత్రం తెలిసేది. ఇప్పుడు ధర తెలీదు గానీ, బొమ్మ ముందు నిలబడి చూడొచ్చు. ఈసారి రాజమండ్రిలో రైలు లేటైతే స్టేషన్‌లో రీల్స్ చూస్తూ కూర్చోకుండా ఒక ఆటో ఎక్కండి. మనకన్నా అయిదారేళ్ళు పెద్దవాడు అయిదేళ్ళలో ఏం చేసి వెళ్ళాడో చూసి రండి. మా రూంలో ఆ మూడోవాడిని కూడా వచ్చే ఆదివారం తీసుకెళ్తున్నాం.