ఉక్కు తెలిసిన వర్తకుడు: చార్లెస్ ష్వాబ్

అమ్మకం కేవలం మాటకారితనానికి సంబంధించిన విద్య అని మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులలో పలువురి అభిప్రాయం. కర్మాగారంలో చేతులకు మసి అంటించుకునేవారు వేరు, బయట సరుకు అమ్మేవారు వేరు అని తలచడం మనకు పరిపాటి. ఈ విభజన ఎంత కృత్రిమమైనదో తెలుసుకోవడానికి చార్లెస్ మైకేల్ ష్వాబ్ జీవితం పరిశీలించదగినది. అయితే ఇది ఆద్యంతం ఆదర్శప్రాయమైన జీవితం కాదని ముందుగానే మనవి చేస్తున్నాను.

1862 ఫిబ్రవరి 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే చిన్న ఊరిలో అతడు జన్మించాడు. బాల్యం లొరెటో గ్రామంలో గడిచింది. అక్కడి కళాశాలలో కొంతకాలం చదివి, జీవనోపాధికై ఉక్కు పట్టణమైన బ్రాడక్ చేరి ఒక కిరాణా దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. ఆండ్రూ కార్నెగీకి చెందిన ఎడ్గార్ థామ్సన్ ఉక్కు కర్మాగారపు సూపరింటెండెంటు కెప్టెన్ విలియం జోన్స్ ఆ దుకాణానికి చుట్టలు కొనడానికి వస్తుండేవాడు. ఆ పరిచయమే ఆధారంగా 1879లో, తన పదిహేడవ ఏట, ష్వాబ్ కర్మాగారంలో ప్రవేశించాడు. కూలి రోజుకొక డాలరు. కొలతలు తీసే ఇంజనీర్ల వెంట తిరుగుతూ నేలలో గుంజలు పాతడం అతని పని.

ఆ కాలంలో ఉక్కు తయారీ అధికభాగం అనుభవజ్ఞుల కంటిచూపు మీద ఆధారపడి ఉండేది. కొలిమిలోని మంట రంగు చూసి లోహం పరిపక్వతను నిర్ణయించేవారు. ఆ చూపు నేర్చుకోవడంతో ష్వాబ్ తృప్తి చెందలేదు. 1883లో వివాహమైన పిదప ఇంట్లోనే చిన్న ప్రయోగశాల నెలకొల్పుకొని రాత్రివేళల రసాయనశాస్త్రం అభ్యసించాడు. భాస్వరం పాలు హెచ్చితే ఉక్కు ఎందుకు పెళుసవుతుందో అతనికి పుస్తకంలోనూ తెలుసు, కొలిమి దగ్గరా తెలుసు. దీనికి తోడు పియానో చక్కగా వాయించేవాడు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయేవాడు. జోన్స్ తన సందేశాలను కార్నెగీకి ఇతని చేతనే పంపేవాడు. 1889లో కొలిమి పేలుడులో జోన్స్ మరణించగా, ఆ పదవి ఇరవై ఏడేళ్ల ష్వాబ్‌కు లభించింది.

1892లో హోంస్టెడ్ కర్మాగారంలో జరిగిన సమ్మె అమెరికా కార్మికచరిత్రలో మరపురానిది. యాజమాన్యం రప్పించిన ప్రయివేటు దళానికీ కార్మికులకూ జూలై 6న జరిగిన పోరాటంలో ఇరుపక్షాలా ప్రాణాలు పోయాయి. చివరకు కార్మిక సంఘం విచ్ఛిన్నమైంది. ద్వేషంతో నిండిన ఆ ప్రాంగణాన్ని చక్కదిద్దడానికి యాజమాన్యం ష్వాబ్‌ను పంపింది. అతడు రాత్రింబవళ్లు యంత్రాల మధ్యనే తిరిగాడు, పనివారిని పేరుపేరునా పలకరించాడు. ఉత్పత్తి తిరిగి పుంజుకుంది. సంఘం మాత్రం తిరిగి రాలేదు. ఒకనాడు తానూ డాలరు కూలి తీసుకున్నవాడే అయినా, సంఘం విషయంలో అతని మనసు ఎన్నడూ కరగలేదు.

ఆ హోంస్టెడ్‌లోనే మరొక మచ్చ. యుద్ధనౌకల కోసం ప్రభుత్వానికి అమ్మిన కవచపు పలకలలో గాలి బుడగల వల్ల ఏర్పడిన రంధ్రాలను పూడ్చి దాచారనీ, పరీక్షల ఫలితాలను తారుమారు చేశారనీ ఆరోపణలు వచ్చాయి. ఆ సంగతి బయటపెట్టినవారు అక్కడి పనివారే. కంపెనీ జరిమానా చెల్లించింది, 1894లో కాంగ్రెసు విచారణ జరిగింది. నియమాలు తప్పినా పలకలు గట్టివేనని ష్వాబ్ వాదం. ఈ వాదం నాకు సమ్మతం కాదు. ఉక్కు లోపల ఏముందో అందరికంటె బాగా ఎరిగిన మనిషి నోట ఆ మాట మరింత బరువైన దోషమని నా అభిప్రాయం. కాని కార్నెగీ అతనిని వదులుకోలేదు. 1897లో, ముప్పై అయిదవ ఏట, ష్వాబ్ కార్నెగీ స్టీల్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

అతని వర్తకప్రతిభ లోకానికి వెల్లడైనది 1900 డిసెంబరు 12న. న్యూయార్కులోని యూనివర్సిటీ క్లబ్బులో తన గౌరవార్థం జరిగిన విందులో అతడు ఉక్కు పరిశ్రమ భవిష్యత్తును వివరించాడు. ఒక్కొక్క మిల్లు ఒక్కొక్క వస్తువునే తయారుచేస్తే, సరుకు వాడే చోటికి సమీపంలోనే తయారైతే ఖర్చు ఎంత తగ్గుతుందో విశదీకరించాడు. విందులో ఉన్న బ్యాంకరు జె. పి. మోర్గాన్ తరువాత అతనిని పక్కకు పిలిచి ప్రశ్నలు వేశాడు. ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పగలిగింది మాటకారితనం కాదు, మిల్లులలో గడిపిన ఇరవయ్యొక్క సంవత్సరాలు. ష్వాబ్ రాయబారంతో కార్నెగీ తన ధర కాగితం మీద పెన్సిలుతో రాసి ఇచ్చాడు: 48 కోట్ల డాలర్లు. మోర్గాన్ బేరమాడలేదు. 1901లో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కార్పొరేషన్ అవతరించింది. ష్వాబే దాని తొలి అధ్యక్షుడు.

ఆ పదవి అతనికి అచ్చిరాలేదు. మాంటికార్లో జూదశాలలో కనిపించాడన్న వార్త పత్రికల్లో అల్లరైంది, సహాధికారులతో పొసగలేదు. 1903లో వైదొలగి, తన చేతిలో ఉన్న బెత్లెహేం స్టీల్ మీద దృష్టి నిలిపాడు. అంతవరకు వెడల్పాటి ఉక్కు దూలం కావాలంటే ముక్కలను రివెట్లతో బిగించి తయారుచేయవలసి వచ్చేది. హెన్రీ గ్రే అనే ఇంజనీరు కనిపెట్టిన మిల్లులో దూలం మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. బరువు తక్కువ, బలం ఎక్కువ, కూలి ఆదా. ఇతర కంపెనీలు వెనుకాడిన ఈ పద్ధతి మీద ష్వాబ్ అప్పు తెచ్చి పందెం కాశాడు. 1908 నుండి ఆ దూలాలు వెలువడ్డాయి, అమెరికా ఆకాశహర్మ్యాలకు ఆధారమయ్యాయి. 1910లో అదే బెత్లెహేంలో బలవంతపు ఆదివారపు పనిని నిరసించిన యంత్రకార్మికులను తొలగించగా పెద్ద సమ్మె జరిగింది. పలువురు రోజుకు పన్నెండు గంటలు, వారానికి ఏడు రోజులు శ్రమిస్తున్నారని ప్రభుత్వ విచారణలో తేలింది. ష్వాబ్ లొంగలేదు.

1914లో యూరపులో యుద్ధం రాగానే అతడు లండను వెళ్లి బ్రిటిషు నౌకాదళానికి ఇరవై జలాంతర్గాములు అమ్మే ఒప్పందం కుదుర్చుకున్నాడు. తటస్థ దేశం జలాంతర్గాములు అమ్మరాదని అమెరికా ప్రభుత్వం అడ్డుచెప్పగా, విడిభాగాలను కెనడాకు పంపి మాంట్రియల్‌లో పది నౌకలను బిగింపజేశాడు. 1918లో అదే అమెరికా ప్రభుత్వం తన నౌకానిర్మాణానికి అతనినే అధిపతిగా నియమించింది.

సంపద ఎంత వచ్చిందో అంతా ఖర్చయింది. న్యూయార్కులో నదీతీరాన 75 గదుల భవనం కట్టాడు. 1929 ఆర్థిక సంక్షోభం అతనిని కుంగదీసింది. ఆ భవనాన్ని మేయర్ నివాసంగా ఇస్తామన్నా మేయర్ లాగార్డియా అంగీకరించలేదు. 1939 ప్రారంభంలో భార్య కన్నుమూసింది. అదే సంవత్సరం సెప్టెంబరు 18న ష్వాబ్ మరణించాడు. లెక్కలు చూడగా అప్పులు ఆస్తులను మించి ఉన్నాయి. ఆ భవనాన్ని కొన్నేళ్లకు పడగొట్టారు. బెత్లెహేం స్టీల్ 2001లో దివాలా తీసింది. ఆ కంపెనీ ఉక్కుతో కట్టి 1937లో ప్రారంభించిన గోల్డెన్ గేట్ వంతెన మీద మాత్రం నేటికీ వాహనాలు నడుస్తున్నాయి.