అతుకుల కెమెరాతో అడవిని పట్టిన ఎం.కృష్ణన్

రాయదుర్గం: భుజాన బారెడు టెలిఫొటో జూమ్ లెన్సు, చేతిలో రెప్పపాటులో పది చిత్రాలు తీసే డిజిటల్ కెమెరా. వీరాపురం చింతచెట్ల కింద ఎర్రకాళ్ల కొంగల కోసం, నేలపట్టు చెరువు గట్టున గూడబాతుల కోసం పడిగాపులు కాసే నేటి యువ ఛాయాగ్రాహకులలో ఎందరికి మాధవయ్య కృష్ణన్ పేరు తెలుసో చెప్పలేం. దక్షిణాదిన వన్యప్రాణి ఛాయాగ్రహణాన్ని వేట కథల నీడ నుంచి తప్పించి, ప్రకృతి శాస్త్రం సరసన నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆ మహనీయుని జీవితంలో ఏడేళ్లు మన జిల్లా సరిహద్దుకు ఆవల, బళ్లారి పక్కనున్న సండూరులో గడిచాయి.

కృష్ణన్ 1912 జూన్ 30న తిరునెల్వేలిలో జన్మించారు. తండ్రి ఎ.మాధవయ్య ఉప్పు, ఆబ్కారీ శాఖలో అధికారి. తమిళ నవలకు పునాదులు వేసిన తొలితరం రచయితలలో ఒకరు, సంఘ సంస్కర్త. ఎనమండుగురు సంతానంలో కృష్ణన్ కడగొట్టువారు. మద్రాసు మైలాపూరులోని వారి ఇంటి చుట్టూ ఆ రోజుల్లో తోటలు, పొదలు, బీళ్లు ఉండేవి. ముంగిసను పెంచుకున్న ఆ బాలుడికి పాఠాల కన్నా పెరడే ఎక్కువ నేర్పింది. 1925లో మాధవయ్య విశ్వవిద్యాలయ సెనేట్‌లో తమిళ భాష పక్షాన ప్రసంగించి కూర్చున్న కొద్దిసేపటికే కన్నుమూశారు. అప్పటికి కృష్ణన్‌కు పదమూడేళ్లు.

ప్రెసిడెన్సీ కళాశాలలో 1931లో బి.ఏ. పూర్తయింది. అనంతరం వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చదివారు. ఆచార్య ఫైసన్ వెంట నీలగిరులు, కొడైకెనాల్ కొండలు తిరిగి మొక్కలను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. నీటిరంగుల చిత్రలేఖనం ఫైసన్ సతీమణి వద్ద అలవడింది. 1936లో న్యాయశాస్త్ర పట్టా కూడా చేతికి వచ్చింది గాని నల్లకోటు ఆయనను ఆకర్షించలేదు. మరుసటి ఏడాది ఇందుమతితో వివాహమైంది. అచ్చు సంస్థలో, రేడియోలో కొన్నాళ్లు పనిచేశారు. పత్రికలకు వ్యాసాలు రాసి, బొమ్మలు గీసి ఇచ్చారు. ఏ కొలువూ ఎక్కువకాలం నిలవలేదు.

సండూరు సంవత్సరాలు

1942లో సండూరు సంస్థానంలో ఉద్యోగం దొరికింది. ఉపాధ్యాయుడిగా, న్యాయాధికారిగా, ప్రచారాధికారిగా, మహారాజుకు రాజకీయ కార్యదర్శిగా అక్కడ ఆయన నిర్వహించని బాధ్యత లేదనాలి. చిన్న సంస్థానం కనుక పని స్వల్పం, తీరిక అధికం. ఆ తీరికలో కొండల వెంట తిరిగారు. పావురాలను పెంచారు. గొర్రెలు కాచారు. గొర్రెల వెంట నడిచే మనిషిని చూసి పిట్టలు గాని, జంతువులు గాని అంతగా బెదరవు. ఇది మన సీమ గొర్రెల కాపరులందరికీ తెలిసినదే. కెమెరా మోసుకుని అడవిలోకి వెళ్లేవారికి ఇంతకు మించిన తొలిపాఠం ఏముంటుంది? అదే కొండల వరుసలో, మన డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం దాకా ఇనుప ఖనిజం కోసం సాగిన విచ్చలవిడి తవ్వకాలు, వాటిపై రేగిన వివాదం, బళ్లారి జిల్లాలో మైనింగ్ నిలిపివేతకు 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఈ ప్రాంత పాఠకులకు కొత్త సంగతులు కావు. కృష్ణన్ ఎరిగిన సండూరు వేరు.

1949లో సండూరు మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. ఉద్యోగం పోయింది. అప్పటికి ఆయన వయసు ముప్పయ్యారు దాటింది, కుటుంబ భారం ఉంది. అయినా మరో కొలువు వెతుక్కోకుండా మద్రాసుకు తిరిగివచ్చి, కలం, కెమెరాలపై ఆధారపడి బతకాలని నిర్ణయించుకున్నారు. వన్యప్రాణుల గురించి రాసి పొట్టపోసుకోవడమన్నది ఆనాటి భారతదేశంలో ఊహకు అందని మాట. రాబడి ఎన్నడూ పుష్కలంగా లేదు. ఆయన కెమెరా చరిత్ర ఆ లేమిలోంచే మొదలవుతుంది.

సూపర్ పాండెరోసా

ఒక తయారీ కెమెరా పెట్టెకు మరో తయారీ కటకం బిగించి, అవసరమైన భాగాలు తానే అమర్చుకుని ఆయన ఒక పరికరాన్ని రూపొందించుకున్నారు. దాని బరువును తానే పరిహసిస్తూ సూపర్ పాండెరోసా అని నామకరణం చేశారు. చూసినవారికి అది పాత సామాను దుకాణం నుంచి తెచ్చినట్లు కనిపించేదట. విదేశీ కెమెరాలు, ఫిల్ము దొరకడమే గగనమైన కాలమది.

టెలిఫొటో కటకం దూరాన ఉన్న జంతువును దగ్గరకు తెస్తుంది. దానితోపాటు చేతి వణుకునూ అంతే రెట్లు పెంచుతుంది. 400 మిల్లీమీటర్ల కటకాన్ని 35 ఎంఎం కెమెరాకు తగిలించి చేత పట్టుకుంటే, షట్టరు సెకనులో 400వ వంతు కన్నా నిదానంగా పనిచేయరాదన్నది ఛాయాగ్రాహకుల వాడుక లెక్క. దట్టమైన చెట్ల నీడలో అంత వేగానికి చాలినంత వెలుతురు దొరకదు. పైగా స్పష్టంగా కనిపించే లోతు మరీ తక్కువ. కంటికి కుదిరితే కొమ్ముకు కుదరదు. మధ్యాహ్నపు ఎండలో నేల మీది వేడిగాలి కదలికకు దూరపు బొమ్మ అలలు అలలుగా చెదురుతుంది. నేటి కెమెరా ఈ ఇబ్బందుల్లో కొన్నింటిని తానే సరిదిద్దుతోంది. దృష్టిని తానే నిలుపుతుంది, వణుకును అణచుతుంది. జూమ్ తిప్పితే నిలబడ్డ చోటు నుంచే చట్రం మారుతుంది. కృష్ణన్‌కు ఈ సౌకర్యాలేవీ లేవు. చట్రం మారాలంటే తానైనా కదలాలి, జంతువైనా కదలాలి. ఫిల్ము ఖరీదు కనుక మీట నొక్కడానికి ముందే ఆలోచించాలి.

అందుకే ఆయన దూరాన్ని కటకంతో గాక కాళ్లతో, ఓర్పుతో తగ్గించారు. ముదుమలై అడవుల్లో కాలినడకన, పెంపుడు ఏనుగు వీపున తిరిగారు. ఏనుగుపై ఉన్న మనిషిని అడవి జంతువులు సాధారణంగా ఏనుగులో భాగంగానే భావిస్తాయి, నడిచివచ్చే మనిషిని చూసినట్లు బెదిరి పారిపోవు. మంద ఏ వేళ నీటికి దిగుతుందో, గాలి ఎటు వీస్తున్నదో, తల్లి ఏనుగు చెవులు విప్పితే ఎంత దూరంలో ఆగిపోవాలో తెలిసిన మనిషికి కటకం లోపాలు పెద్ద అడ్డంకి కాలేదు. అడవి ఏనుగులపై ఆయన చిత్రాలు, పరిశీలనలు నేటికీ విలువైనవిగా నిలిచాయి.

రంగుల ఫిల్ము వచ్చాక కూడా ఆయన నలుపు తెలుపులను వదలలేదు. కడిగి అచ్చువేయడం ఇంట్లోనే, సొంత చీకటి గదిలోనే. ఆయన బొమ్మల్లో జంతువు ఒంటరిగా తేలిపోదు. దుప్పితోపాటు అది మేసే గడ్డి, అడవిదున్నతోపాటు వెదురు పొద, కొంగతోపాటు గూడు కట్టిన కొమ్మ కనిపిస్తాయి. వృక్షశాస్త్రం చదివిన కన్ను కదా! అడవిలో యూకలిప్టస్ వంటి పరాయి చెట్లు నాటడాన్ని ఆయన తీవ్రంగా వ్యతిరేకించడానికి కారణమూ ఇదే. స్థానిక వృక్షజాతి పోయాక జంతువును మాత్రమే కాపాడటం సాధ్యం కాదని జీవితాంతం వాదించారు. మాట కరకు, రాజీ తెలియని స్వభావం. దానివల్ల కొందరు దూరమైనా అధికారులు ఆయన అభిప్రాయాన్ని పెడచెవిన పెట్టలేకపోయారు. భారత వన్యప్రాణి మండలిలో సుదీర్ఘకాలం సభ్యులుగా ఉన్నారు.

పక్షుల విషయంలో ఆయనకు ప్రీతిపాత్రమైన చోటు మద్రాసుకు దక్షిణాన ఉన్న వేడంతాంగళ్ చెరువు. పద్దెనిమిదో శతాబ్దం చివరలోనే అక్కడి గ్రామస్థులు కొంగలను ఎవరూ కాల్చరాదని కలెక్టరు నుంచి హామీ పొందారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు వారి పొలాలకు ఎరువు. ఆ చెరువుపై కృష్ణన్ అటవీశాఖ కోసం ఒక చిన్న పుస్తకం రాశారు. మన వీరాపురం వాసులు చింతచెట్ల మీది కొంగలను తరతరాలుగా కాచుకోవడం ఎరిగినవారికి ఈ బంధం వివరించనక్కరలేదు. గూళ్ల దాకా చొరబడి తల్లిపక్షులను లేపి, ఎగురుతుండగా చిత్రాలు తీసేవారికే వివరించాలి. తల్లి లేచిన కొద్ది నిమిషాల్లో గుడ్డును ఎండ గాని, కాకి గాని వదలదు.

1950లో కలకత్తా నుంచి వెలువడే స్టేట్స్‌మన్‌లో కంట్రీ నోట్‌బుక్ శీర్షిక ప్రారంభమైంది. పక్షానికొకసారి, 46 ఏళ్లు. పెరటి ఉడుత, ఊరకుక్క, బాటపక్క చెట్టు, అన్నీ అందులో చోటుచేసుకున్నాయి. బొమ్మలూ తరచు ఆయనవే. 1968లో జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ లభించింది. పద్మశ్రీ పురస్కారమూ అందుకున్నారు. ద్వీపకల్పంలోని పెద్ద క్షీరదాలపై ఆయన జరిపిన సర్వే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడి, 1975లో గ్రంథరూపం దాల్చింది. 1959 నుంచి 1970 వరకు మన అడవుల స్థితికి అది ప్రత్యక్ష సాక్ష్యం. 1995లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆయనను గ్లోబల్ 500 గౌరవ జాబితాలో చేర్చింది.

1996 ఫిబ్రవరి 18న, 83 ఏళ్ల వయసులో కృష్ణన్ మద్రాసులో కన్నుమూశారు. ఆయన చివరి వ్యాసం అదే రోజు పత్రికలో అచ్చయింది. 2000లో చరిత్రకారుడు రామచంద్ర గుహ ఆయన రచనల్లో కొన్నింటిని ఏర్చికూర్చి సంకలనంగా తెచ్చారు. చీకటి గదిలో కృష్ణన్ స్వయంగా కడిగిన నలుపు తెలుపు చిత్రాలు 2006లో ఒక పెద్ద పుస్తకంగా వెలువడ్డాయి.