మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండ గ్రామవాస్తవ్యులు. ఆయన 1861 సెప్టెంబరు 15వ తేదీని మైసూరు సంస్థానమందలి ముద్దేనహళ్లిలో, సంస్కృత విద్వాంసులగు శ్రీనివాసశాస్త్రిగారికి జన్మించిరి. బాల్యముననే పితృవియోగము సంభవింపగా, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరున పట్టభద్రులైరి. 1884లో బొంబాయి ప్రభుత్వ మరామత్తుశాఖయందు ఇంజనీరుగా ప్రవేశించిరి. అచట కాలువనీరు కొందరికే దక్కక పెక్కు గ్రామములకు అందునట్లు బ్లాకు పద్ధతిని ఏర్పరచిరి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదున వేలకొలది జనులను పొట్టబెట్టుకొనెను. నిజాము ప్రభుత్వముయొక్క ఆహ్వానముపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్యగారు మొదట వర్షపు లెక్కలను, చెరువుల లెక్కలను పరిశీలించిరి. నదీపరీవాహ ప్రాంతమందలి 788 చెరువులలో 221 తెగియుండెను. తెగిన చెరువుల నీరును వరదకు బలమిచ్చెనని గ్రహించి, నగరమునకు ఎగువ మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములను నిర్మింపవలెనని సూచించిరి. తత్ఫలితముగా 1920లో ఉస్మానుసాగరమును, 1927లో హిమాయతుసాగరమును పూర్తియయ్యెను.

1962లో నూరేండ్లు దాటిన పిదప ఆయన దివంగతులైరి. జలాశయము కట్టినంతనే ప్రభుత్వశాఖవారి ధర్మము తీరదు. వర్షమును కొలుచుట, గట్టును కాచుట, వేళకు తలుపులెత్తుట నిత్యకృత్యములు. వీనిలో నొకటి తప్పినను, దప్పిక తీర్చు నీరే ఊరిని ముంచును. ఆయన జీవితము మనకు బోధించు పాఠమిదియే.