ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (1890 డిసెంబరు 18 – 1954 ఫిబ్రవరి 1) అమెరికాకు చెందిన ప్రముఖ విద్యుత్ ఇంజనీరు, రేడియో ఆవిష్కర్త. రీజనరేటివ్ వలయం, సూపర్‌హెటరోడైన్ రిసీవరు, విశాల పట్టీ ఎఫ్.ఎం. ప్రసార పద్ధతి ఈయన ముఖ్య ఆవిష్కరణలు. హెడ్‌ఫోన్లు తగిలించుకొని చెవియొగ్గి వినవలసిన రేడియోను, గదిలోని వారందరికీ లౌడ్‌స్పీకరు ద్వారా స్పష్టంగా వినిపించే సాధనంగా మార్చడంలో ఈ మూడింటి పాత్ర ఎంతో ఉంది.

బాల్యము, విద్య

ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి ఎమిలీ ఉపాధ్యాయురాలు. చిన్నతనంలో సోకిన నరాల వ్యాధి వలన కొంతకాలం బడి మానవలసి వచ్చింది. భుజము, ముఖ కండరాల అదురు మాత్రం జీవితాంతం ఉండిపోయింది. 1902లో వీరి కుటుంబం యాంకర్స్ పట్టణానికి మారింది. మార్కొనీ కృషి గురించి చదివి, తానూ ఆవిష్కర్తను కావాలని పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే ఈయన నిశ్చయించుకున్నాడు. దూరపు సంకేతాలను అందుకొనుటకు ఇంటి ఆవరణలో సుమారు 125 అడుగుల యాంటెన్నా స్తంభాన్ని స్వయంగా నిలబెట్టాడు. 1909లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, మైకేల్ పుపిన్ వంటి ఆచార్యుల వద్ద చదివి 1913లో పట్టభద్రుడయ్యాడు.

రీజనరేటివ్ వలయం

లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన ఆడియాన్ అనే వాక్యూం ట్యూబు పనిచేసే తీరు అప్పట్లో ఎవరికీ సరిగా బోధపడలేదు. 1912లో, విద్యార్థిగా ఉండగానే, ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ట్యూబు నుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని తిరిగి దాని ప్రవేశ వలయానికే మళ్ళించాడు. దానితో బలహీనమైన సంకేతం ఎన్నో రెట్లు బలపడింది. అంతకు ముందు చెవికి ఆనించుకున్నా అందని దూరపు కేంద్రాలు, హెడ్‌ఫోనును బల్ల మీద ఉంచినా గదిలో వినిపించసాగాయి. మళ్ళింపు మోతాదు మించితే అదే ట్యూబు స్వయంగా తరంగాలను పుట్టిస్తుందని కూడా ఈయన గుర్తించాడు. పేటెంటుకు కావలసిన ధనం తండ్రి ఇవ్వనందున 1913 జనవరి 31న వలయపు చిత్రాన్ని మాత్రం నోటరీ చేయించాడు. పేటెంటు 1914లో లభించింది.

సూపర్‌హెటరోడైన్, హామ్ రేడియో

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో సైనికాధికారిగా పనిచేస్తూ 1918లో సూపర్‌హెటరోడైన్ పద్ధతిని రూపొందించాడు. ఇందులో వచ్చే సంకేతం ఏ పౌనఃపున్యంలో ఉన్నా దానిని ఒక స్థిరమైన మధ్యమ పౌనఃపున్యానికి మార్చి, అక్కడ బలపరుస్తారు. కాబట్టి ఒక కేంద్రాన్ని పక్క కేంద్రం నుండి విడదీసి వినడం సులభమైంది. ఫ్రాన్సుకు చెందిన లూసియన్ లెవీ కూడా ఇటువంటి ఆలోచననే చేసినందున పేటెంటు హక్కులపై వివాదం ఏర్పడింది.

1921 డిసెంబరులో హామ్‌లు అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా జరిపిన ప్రయోగంలో ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా పాల్గొన్నాడు. కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీన్‌విచ్‌లో మిత్రులతో కలిసి ఆయన నిర్మించిన 1బిసిజి కేంద్రపు సంకేతాలను, స్కాట్లాండులోని ఆర్డ్రోసాన్ వద్ద పాల్ గాడ్లీ అందుకున్నాడు. 1923లో మేరియన్ మెకిన్నిస్‌ను వివాహమాడిన ఆర్మ్‌స్ట్రాంగ్, లౌడ్‌స్పీకరుతో కూడి, వెంట తీసుకువెళ్ళగలిగిన సూపర్‌హెటరోడైన్ రేడియోను ఆమెకు కానుకగా ఇచ్చాడు.

ఎఫ్.ఎం. ప్రసారాలు

సంకేతం బలపడే కొద్దీ దానితోపాటు వచ్చే గరగర శబ్దం కూడా బలపడేది. ఎంత మంచి లౌడ్‌స్పీకరు అమర్చినా ఈ శబ్దాన్ని తొలగించలేదు. పిడుగులు, విద్యుత్ యంత్రాలు తరంగపు కంపన పరిమితిని చెదరగొడతాయి. నాటి ప్రసారాలలో ధ్వని కూడా ఆ కంపన పరిమితిలోనే ఇమిడి ఉండేది. ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వనిని పౌనఃపున్యపు హెచ్చుతగ్గులలోకి మార్చాడు. రిసీవరులో కంపన పరిమితిని సమం చేసే వలయం ఉంచడంతో చాలావరకు గరగర అక్కడే ఆగిపోయింది. ఇరుకైన పట్టీకి బదులు విశాలమైన పట్టీని వాడడం ఈ పద్ధతిలోని కీలకాంశం. దీనికి 1933 డిసెంబరు 26న పేటెంట్లు లభించాయి.

1935 నవంబరు 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభ ఎదుట ఈ పద్ధతిని ప్రదర్శించాడు. యాంకర్స్‌లో రాండాల్ఫ్ రన్యాన్ అనే మిత్రుని హామ్ కేంద్రం డబ్ల్యు2ఏజి నుండి ప్రసారం జరిగింది. గ్లాసులో నీరు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు కూడా సభలోని లౌడ్‌స్పీకరులో యథాతథంగా వినిపించాయి. తరువాత న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో సొంత ఖర్చుతో 400 అడుగులకు పైబడిన గోపురం నిర్మించాడు.

న్యాయపోరాటాలు, మరణము

రీజనరేటివ్ వలయంపై డి ఫారెస్ట్‌తో సాగిన దావాలో 1934లో అమెరికా సుప్రీం కోర్టు ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. రేడియో ఇంజనీర్ల సంస్థ తనకు ఇచ్చిన పతకాన్ని ఆయన తిరిగి ఇవ్వబోగా ఆ సంస్థ స్వీకరించలేదు. ఆవిష్కర్త ఆయనేనన్నది ఇంజనీర్ల అభిప్రాయం.

1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. ప్రసారాలను 88–108 మెగాహెర్ట్‌జ్ పట్టీకి మార్చగా, అప్పటికే ప్రజలు కొన్న రిసీవర్లు నిరుపయోగమయ్యాయి. 1948లో పేటెంట్ల ఉల్లంఘనపై ఆర్.సి.ఎ. సంస్థ మీద ఆర్మ్‌స్ట్రాంగ్ దావా వేశాడు. ఏళ్ళ తరబడి సాగిన విచారణ ఆయన ధనాన్ని, ఆరోగ్యాన్ని హరించింది. భార్య కూడా దూరమైంది. 1954 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల మధ్య రాత్రి న్యూయార్క్‌లోని స్వగృహంలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సంవత్సరమే ఆర్.సి.ఎ. సుమారు పది లక్షల డాలర్లతో రాజీ పడింది. మిగిలిన దావాలను మేరియన్ పట్టుదలతో కొనసాగించింది. మోటరోలాపై వేసిన చివరి దావా 1967లో ఆమెకు అనుకూలంగా ముగిసింది.

గుర్తింపు

ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1941లో ఫ్రాంక్లిన్ పతకం, తరువాతి ఏడు ఎడిసన్ పతకం లభించాయి. 1983లో అమెరికా తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది. హామ్‌లు చేతిలో పట్టుకొని మాట్లాడే వి.హెచ్.ఎఫ్. సెట్లలో ఎక్కువగా వాడేది ఎఫ్.ఎం. పద్ధతే. అట్టి సెట్ల చిన్న స్పీకరులో సైతం మాట స్పష్టంగా వినిపించడానికి, గరగరను స్పీకరు దాకా రానీయని ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతి ఒక ముఖ్య కారణం.